దెయ్యం బాగానే ఉంది, ఊరే లేదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2021లో ‘మా ఊరి పొలిమేర’ ఓటీటీలో వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ‘విరూపాక్ష’, అదే ఏడాది నవంబరులో రెండు వారాల తేడాతో ‘పొలిమేర 2’, ‘మంగళవారం’ థియేటర్లకు వచ్చాయి. దాంతో ఒక మారుమూల ఊరు, వరస చావులు, వాటి వెనక చేతబడో ఆత్మో అనే సరుకు మన నిర్మాతలకు అచ్చొచ్చినట్టే కనిపించింది. ఆ బాటలో తర్వాత వచ్చినవాటిలో చాలా సినిమాల గురించి మాత్రం మాకు వచ్చే ఉత్తరాలు నిట్టూర్పుతోనే మొదలవుతున్నాయి. ఈ నెల ప్రశ్నలన్నీ వాటి మీదే. ఎవరు ఏ సినిమాను తిట్టారో ఆ పేర్లు తీసేశాం. తీసేశాక చూస్తే ఒకరు తిట్టిన సినిమాకూ ఇంకొకరు తిట్టినదానికీ తేడా తెలియలేదు.

ప్ర: మొన్న చూసిన సినిమాలో ఒక చిన్న పట్నంలో అమావాస్యకొకరు చొప్పున చచ్చిపోతుంటారు. విశ్రాంతి దాకా కన్నార్పకుండా చూశాం. ఆ తర్వాత ఓ ముసలి పూజారి హీరోను కూర్చోబెట్టి పాతికేళ్ల కిందటి కథంతా చెప్పేశాడు. అక్కడినుంచి హాల్లో అందరూ ఫోన్లు చూసుకోవడమే. ఎక్కడ చెడింది? (తెనాలి పాఠకుడు)

జ: పూజారి నోరు విప్పేసరికే సినిమా చెడిపోయి ఉంటుంది. చెడింది విశ్రాంతికి ముందు, మీరు కన్నార్పకుండా చూసిన భాగంలోనే.

మన సినిమా సుమారు రెండున్నర గంటలు. విశ్రాంతి 70, 75 నిమిషాల దగ్గర పడుతుంది. ఆ 70 నిమిషాల్లో రచయిత ప్రశ్నలు పోగేసుకుంటూ పోతాడు. ఎవరు చంపుతున్నారు, అమావాస్యే ఎందుకు, శవం చేతిలో ఆ తాయెత్తు ఏమిటి, మూసేసిన రైసుమిల్లులో ఏముంది, హీరోయిన్ తండ్రి ఎందుకు నోరు మెదపడు... ఒక్కదానికీ జవాబు చెప్పడు, ఎందుకంటే చెప్పకపోవడమే సస్పెన్స్ అనుకుంటాడు. విశ్రాంతి దాటేసరికి నెత్తిమీద ఆరేడు చిక్కుముడులుంటాయి. ఒక్కోదాన్ని హీరో చేత కనిపెట్టించాలంటే ఒక్కో సీను రాయాలి, ఆ సీను నమ్మకంగా ఉండాలి. అంత ఓపిక లేక అన్నింటినీ మూటగట్టి పూజారి నోట్లో పెడతారు. పాతిక నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ నడుస్తున్నంతసేపూ ప్రేక్షకుడికి కొత్త ప్రశ్న ఉండదు, హీరోకి పని ఉండదు. ఫోన్ తీయక ఏం చేస్తారు?

స్క్రిప్టు దశలో దీనికి మందు ఉంది. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయాలి. ప్రశ్న ఎన్నో సీనులో పుట్టింది, దాని ఆధారం ఎన్నో సీనులో కనబడింది, జవాబు ఎన్నో సీనులో వచ్చింది. మూడో గడిలో అన్నిటికీ ఒకే సీను నంబరు పడితే సినిమా అక్కడే పడుకుంటుందని ముందే తెలిసిపోతుంది. కనీసం రెండు ప్రశ్నలకు విశ్రాంతిలోపే జవాబు రావాలి, ఆ జవాబు ఇంకో పెద్ద ప్రశ్నకు తలుపు తీయాలి. తాయెత్తు ఎవరిదో నలభయ్యో నిమిషానికే తేలిపోయి, ఆ మనిషి చచ్చి మూడేళ్లయిందని తెలిస్తే చాలు, కథ నడుస్తుంది.

ఆధారం తెరమీద రెండుసార్లు కనబడాలి. మొదటిసారి మామూలు వస్తువులా, ఏదో పనిలో భాగంగా. రెండోసారి పక్కగా, ఎవరూ దాని గురించి మాట్లాడకుండా. మూడోసారి అదే గుట్టు విప్పాలి. ఒక్కసారి కూడా చూపకుండా చివర్లో జేబులోంచి తీస్తే మోసం. మొదటిసారే క్లోజప్ వేసి, వీణ మీద ఒక మోత మోగిస్తే వెనక బెంచీ పిల్లాడికి కూడా తెలిసిపోతుంది.

ఫ్లాష్‌బ్యాక్ తప్పదనుకుంటే ఎనిమిది, పది నిమిషాలు దాటనివ్వకూడదు. లేదా మూడు ముక్కలు చేసి ముగ్గురి చేత చెప్పించాలి, అందులో ఒకరు అబద్ధం చెప్పాలి. అప్పుడు గతం కూడా దర్యాప్తులో భాగమవుతుంది.

దోషి ఎవరైనా సరే, మొదటి అరగంటలో కనబడి తీరాలి, కథలో అతనికంటూ ఒక పని ఉండాలి. ఇక్కడ ఓ తమాషా కూడా ఉంది. పేరున్న నటుడు పోస్టుమాస్టరు వేషంలో రెండే రెండు సీన్లలో కనబడ్డాడంటే, అంత పారితోషికం ఊరికే ఇవ్వరు కదా అని జనం అప్పుడే లెక్క కట్టేస్తారు. చాలా సినిమాల గుట్టు బయటపెట్టేది స్క్రిప్టు కాదు, నటుల ఎంపిక.

ప్ర: దెయ్యమే చంపుతోందని రెండు గంటలు చూపించి, చివరికి ఇదంతా భూమి కోసం మనుషులు ఆడిన నాటకం అంటారు. లేదంటే మనిషే చంపుతున్నాడని చూపించి చివర్లో ఆత్మ అంటారు. ఏదన్నా మాకు నచ్చట్లేదు. అసలు ఏ ముగింపు సరైంది? (కాకినాడ పాఠకురాలు)

జ: రెండూ సరైనవే. ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ బల్గేరియా విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ఈ రకం కథలను ఎలా విడదీయాలో చెప్పాడు. జరిగినదానికి లోకంలోని కారణమే దొరికేవి ఒక రకం, అతీత శక్తి నిజమేనని తేలేవి ఇంకో రకం. ఆ రెంటి మధ్యా పాఠకుడు ఊగిసలాడుతున్నంతసేపే అసలు రుచి ఉంటుంది. మీ అసంతృప్తి ముగింపు మీద కాదు, ఊగిసలాటలో జరిగిన తొండి మీద.

కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందన్నదే తొండి ఎక్కడుందో చెబుతుంది. గదిలో ఒక్క పాత్ర కూడా లేనప్పుడు కుర్చీ తనంతట తాను కదిలితే, దాన్ని చూసింది ప్రేక్షకుడు మాత్రమే. ఆ తర్వాత ‘అది మత్తుమందు వల్ల కలిగిన భ్రమ’ అంటే కుదరదు. భ్రమ పడటానికి అక్కడ ఎవరూ లేరు. చివర్లో మనుషుల పనే అని తేల్చదలచుకుంటే, వింత కనబడే ప్రతి షాటూ ఏదో ఒక పాత్ర చూపులోంచే రావాలి. చివర్లో ఆత్మే అని తేల్చదలచుకుంటే, మనుషులు చేయలేని పని ఒక్కటైనా, చిన్నదైనా సరే, విశ్రాంతిలోపే జరిగి ఉండాలి. కారణం మనిషి మనసులోనే ఉందని తేల్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ (1993) గానీ, ఆ కథతోనే వచ్చి మన దగ్గరా ఆడిన ‘చంద్రముఖి’ (2005) గానీ జనం ఒప్పుకున్నారంటే, దెయ్యం లేకపోవడం లోపం కాదనే అర్థం.

ఇంక అతీత శక్తి నిజమే అనుకున్న కథకు చట్టం రాసుకోవాలి. ఆ ఆత్మ ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎప్పుడు వస్తుంది, ఎక్కడికి రాలేదు, దేనితో ఆగుతుంది. అయిదు వాక్యాలు చాలు. ‘మంగళవారం’లో చావులకు వారం కట్టడం వల్ల లాభమేమిటంటే, సోమవారం రాత్రి మామూలు సీను కూడా భయపెడుతుంది. నియమం లేని దెయ్యం గోడలోంచి దూరి వస్తుంది, ఇంకో సీనులో తలుపు గడియ తీయలేక నిలబడుతుంది. అప్పుడు భయపడాల్సింది దానికా, గడియకా?

ప్ర: ఊళ్లో వరసగా అయిదుగురు చస్తే ఒక్క కానిస్టేబుల్ కూడా రాడు. రాత్రి పన్నెండింటికి ఊరి ఆసుపత్రిలో పోస్టుమార్టం చేస్తారు. ఇవి పట్టించుకోకూడదా? సినిమానే కదా అని మా ఇంట్లో కసురుకుంటున్నారు. (ఒంగోలు పాఠకుడు, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి)

జ: పట్టించుకోవాలి. మీ ఉత్తరమే ఈ నెల అన్నిటికంటే విలువైనది. దెయ్యం నమ్మశక్యం కావాలంటే దాని చుట్టూ ఉన్నవన్నీ నిజంగా ఉండాలి.

అనుమానాస్పద మరణం తెలిస్తే పోలీసులు వచ్చి శవ పంచనామా చేయాల్సిందే. పాత కథలైతే నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం సీఆర్‌పీసీలోని 174వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 194. పంచనామాకు ఇరుగుపొరుగు నుంచి కనీసం ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. రచయితకు ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఇది బంగారుగని. శవం దగ్గర పంచనామాకు కూర్చున్న ఆ ఇద్దరు ఏం చూశారు, ఏం దాచి సంతకం పెట్టారు? అదొక్కటి చాలు సగం సినిమా నడవడానికి.

పోస్టుమార్టం సూర్యాస్తమయం తర్వాత చేయకపోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ, సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయవచ్చంది. అయితే హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పద మరణం లాంటివాటిని, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, మినహాయించింది. అంటే మీరు చూసిన అర్ధరాత్రి పోస్టుమార్టం అప్పుడూ తప్పే, ఇప్పుడూ దాదాపు తప్పే. పూడ్చిన శవాన్ని హీరో, అతని స్నేహితుడు పార పట్టుకెళ్లి తవ్వేయడం ఇంకో వింత. తవ్వడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఊళ్లలో ఆ పని తహసీల్దారు ఎదురుగా జరుగుతుంది.

పోలీసులు రాకూడదంటే, రాకపోవడానికి కారణం కథలోనే ఉండాలి. ‘విరూపాక్ష’లో ఊరికి అష్టదిగ్బంధనం వేసి, బయటివాళ్లు లోపలికీ లోపలివాళ్లు బయటికీ పోకుండా చేస్తారు. దిగ్బంధనం నమ్మినా నమ్మకపోయినా, ఊరు ఎందుకు ఒంటరిదైందో అర్థమవుతుంది. వాగు పొంగడం, వంతెన తెగడం, ఎన్నికల బందోబస్తుకు స్టేషన్ సిబ్బంది అంతా వెళ్లిపోవడం, ఏదైనా సరే, ఒక్క మాట చాలు.

మీరు రెవెన్యూలో పనిచేశారు కాబట్టి ఇంకోటి. 1990లలో జరిగే కథలో కరణం కుర్చీ వేసుకుని దస్త్రాలు తిరగేస్తుంటాడు. మునసబు, కరణం పదవులు 1984 జనవరిలోనే రద్దయ్యాయి. తెలంగాణ పల్లెల్లో పటేల్, పట్వారీల సంగతీ అంతే. తొంభైల్లో ఆయన మాజీ కరణం. అధికారం పోయినా పాత దస్త్రాలు ఇంకా ఇంట్లోనే ఉంచుకున్నవాడు. ఆలోచిస్తే అదే మంచి పాత్ర! మండలాలు 1985లో వచ్చాయి, కాబట్టి 1979 కథలో ఎమ్మార్వో ఉండడు, తాలూకా తహసీల్దారు ఉంటాడు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా రంగుల ప్రసారం 1982లోనే వచ్చింది. మన దేశంలో సెల్‌ఫోన్ మొదటిసారి మోగింది 1995 జూలై 31న. సెల్‌ఫోన్ తప్పించుకోవడానికే కథలను తొంభైల మొదట్లోకి నెడుతున్నారు, తప్పులేదు. కాలం మార్చాక ఊరిని కూడా మార్చాలి, అంతే.

ప్ర: అమావాస్య అంటారు, వెనక చందమామ. (కర్నూలు పాఠకుడు)

జ: క్యాలెండరు చూసే ఓపిక కూడా లేదని తెలిసిపోతుంది. లెక్క కష్టమేమీ కాదు. పౌర్ణమి చంద్రుడు సూర్యుడు గుంకే వేళకు తూర్పున వస్తాడు. అక్కడినుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ, బహుళ అష్టమికి అర్ధరాత్రి దాకా రాడు. శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి అస్తమిస్తాడు. విదియ చంద్రరేఖ పొద్దుగుంకాక కాసేపే పడమట కనబడుతుంది. సన్నని చంద్రవంక అర్ధరాత్రి నడినెత్తిన కనబడితే అది గ్రాఫిక్స్ వాళ్ల దగ్గర దొరికిన బొమ్మ. మిస్టరీ రాసేవారికి దీనివల్ల ఉపయోగం కూడా ఉంది. ‘వెన్నెల్లో ముఖం చూశాను’ అన్న సాక్షి అబద్ధాన్ని పంచాంగమే పట్టిస్తుంది. ఇంత మంచి ఆధారాన్ని మన సినిమాల్లో ఎందుకు వాడుకోరో అర్థం కాదు.

ప్ర: మా దిక్కు బాణామతి అంటరు, సినిమాల చేతబడి అంటరు, గోదావరోళ్లు చిల్లంగి అంటరు. ఒక్కటేనా? సినిమాల అన్నిట్ల నిమ్మకాయలు, పుర్రె, ముగ్గు ఒక్కతీరుగనే ఉంటున్నయి. (సిద్దిపేట పాఠకుడు)

జ: నమ్మకం ఒకటే, ఆనవాళ్లు వేరు. బాణామతి మాట మెదక్ చుట్టుపక్కల, అవతల బీదర్, గుల్బర్గా దాకా వినిపిస్తుంది. ఆ కథల్లో ఇంటిమీద రాళ్లు పడటం, దండెం మీద బట్టలు అంటుకోవడం, ఒంటిమీద మరకలు రావడం ముఖ్యం. చిల్లంగి ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీ మాట. చేతబడి అందరిదీ. పుర్రెలు, నల్ల అంగరఖాలు సినిమా ఆర్టు డిపార్టుమెంటు సొంత సంప్రదాయం.

మీరన్న ఒక్కతీరుతనానికి కారణం, ఊరి దేవతను వదిలేసి కొనుక్కొచ్చిన తాంత్రికుణ్ని పెట్టడం. ఊరికి పోచమ్మ, ఎల్లమ్మ ఉంటుంది. కోస్తాలో పోలేరమ్మ, గంగానమ్మ. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. బొడ్రాయి ప్రతిష్ఠనాడు కొన్ని ఊళ్లలో పొలిమేర కట్టేస్తారు, బయటివాళ్లను రానివ్వరు. సెట్టు ఖర్చు లేకుండా భయమూ ఊరూ రెండూ అక్కడే ఉన్నాయి.

ఇంకో సంగతి. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, పళ్లు పీకడం, చంపడం తెలంగాణలో నిజంగా జరిగాయి. ఎక్కువగా బలైంది దిక్కులేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. ఊరు అనుమానించిన ఆ ముసలమ్మే చివరికి నిజంగా మంత్రగత్తె అని తేల్చే సినిమా ఎంత బాగా తీసినా చేదుగానే ఉంటుంది. ముందు వచ్చే హెచ్చరిక కార్డు ఆ చేదు పోగొట్టదు.

ప్ర: రాత్రి సీన్లు ఏమీ కనబడలేదు. తప్పు సినిమాదా, థియేటరుదా? అదే సినిమా ఇంట్లో టీవీలో చూస్తే చీకట్లో గళ్లుగళ్లుగా ఉంది. (విజయనగరం పాఠకురాలు)

జ: రెండింటిదీ కావచ్చు. తేల్చుకునే దారి చెబుతాం.

డిజిటల్ ప్రొజెక్షన్ ప్రమాణం ప్రకారం తెర మధ్యలో తెలుపు 14 ఫుట్‌లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే లెక్క) వెలుగు ఇవ్వాలి, అంటే చదరపు మీటరుకు సుమారు 48 క్యాండెలాలు. డీఐ గదిలో రంగులు దిద్దేవారు ఆ వెలుగులో చూసే చీకటిని ఖాయం చేస్తారు. ప్రొజెక్టరులోని జీనాన్ దీపం పాతబడేకొద్దీ మసకబారుతుంది. పరిమాణాన్ని బట్టి దాని ఆయుష్షు కొన్ని వందల గంటల నుంచి రెండు మూడు వేల గంటలు. ఖర్చుకు వెనకాడి ఆ గడువు దాటాక కూడా నడిపితే పగటి సీన్లు నెట్టుకొస్తాయి, రాత్రి సీన్లు మునిగిపోతాయి. ప్రొజెక్టరు గది అద్దం మీద దుమ్ము, త్రీడీ సినిమా ఆడాక తీయకుండా వదిలేసిన ఫిల్టరు కూడా ఇదే పని చేస్తాయి. పరీక్ష ఏమిటంటే, ముందు వచ్చే సర్టిఫికెట్, ప్రకటనల్లోని తెలుపు చూడండి. అది మాసిన పంచెలా ఉంటే తప్పు థియేటరుది. తెలుపు తెల్లగానే ఉండి రాత్రి మాత్రం కనబడకపోతే తప్పు ఛాయాగ్రహణానిది.

చీకటిని చిత్రించడమంటే వెలుగు తీసేయడం కాదు, వెనకనుంచి వెలుగు పెట్టడం. క్రేన్ మీద ఎత్తుగా పెద్ద లైటు పెట్టి మనిషి భుజాల అంచు, చెట్ల ఆకులు, తడి నేల మెరిసేలా చేస్తారు. ముఖం చీకట్లో ఉన్నా మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. పగలు తీసి రాత్రి చేయాలంటే రెండు స్టాపులు తక్కువ ఎక్స్‌పోజ్ చేసి (అంటే కెమెరాలోకి నాలుగోవంతు వెలుగే రానిచ్చి), సూర్యుణ్ని వెనక ఉంచి, ఆకాశం ఫ్రేములోకి రాకుండా చూడాలి. ఆకాశం పడిందంటే ఎంత నీలం పూసినా గుట్టు దాగదు. పాతకాలపు కథలో వీధిలైట్లు కూడా చూసుకోవాలి. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఎల్ఈడీ వీధిదీపాలు పెట్టారు, ఆ తర్వాతి ఏళ్లలో మిగతా ఊళ్లకూ వచ్చాయి. 1991 వీధిలో ఆ తెల్లటి వెలుగు పడితే అక్కడికి ఆ కాలం చచ్చింది.

టీవీలో గళ్లకు కారణం స్ట్రీమింగ్‌లో డేటా కుదింపు. చీకటిలోని సన్నని ఛాయలనే ముందు పారేస్తుంది. టీవీలో కరెంటు ఆదా మోడ్, గది వెలుగును బట్టి మారే మోడ్ రెండూ ఆపండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే పెట్టండి. గదిలో లైటు ఆర్పి, యాప్‌లో నాణ్యత ఎక్కువకు మార్చండి. చాలావరకు సర్దుకుంటుంది.

ప్ర: భయం తక్కువ, చెవులు పోవడం ఎక్కువ. ప్రతి పది నిమిషాలకూ ధడేల్! ఎందుకీ మోత? (వరంగల్ పాఠకుడు)

జ: ఉలికిపాటు చవక కాబట్టి. దాని తయారీ ఇలా ఉంటుంది. అయిదారు సెకన్లు నిశ్శబ్దం, ఒక పిల్లి దూకి ‘ఓస్, పిల్లా’ అనిపించడం, ఒక ఊపిరి, అప్పుడు అరసెకనులో ముఖమూ మోతా కలిపి. మొదటి రెండుసార్లు పనిచేస్తుంది. నాలుగోసారికి నిశ్శబ్దం మొదలవగానే ప్రేక్షకుడు చెవులు మూసుకుని కూర్చుంటాడు. అక్కడినుంచి నిశ్శబ్దం కూడా పనికిరాకుండా పోతుంది. సినిమాకు అంతకంటే పెద్ద నష్టం లేదు.

థియేటరు వైపు ఇంకో తంటా. సౌండు ప్రాసెసర్ మీద 7 అనేది ప్రమాణం, మిక్సింగు జరిగేది ఆ మట్టంలోనే. మోత భరించలేక జనం గొడవ చేస్తే ఆపరేటర్ 5కి దించుతాడు. అది దాదాపు ఏడు డెసిబెల్స్ తగ్గుదల. మోత ఇంకా మోతలాగే ఉంటుంది, గుసగుసగా చెప్పిన అసలు ఆధారం మాత్రం ఎవరికీ వినబడదు. ‘ట్విస్టు అర్థం కాలేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడినుంచే వస్తాయని మా అనుమానం.

మాకు ఇంకా చిరాకు తెప్పించేది స్టాకు శబ్దాలు, అంటే సౌండు లైబ్రరీలోంచి తెచ్చి అతికించే రెడీమేడ్ శబ్దాలు. కోనసీమ కొబ్బరితోటలో తోడేలు ఊళ వేస్తుంది. అక్కడ ఉండేది నక్క. దాని అరుపు ఒకటి మొదలుపెడితే నాలుగు అందుకుంటాయి, వినడానికి ఏడుపులా ఉంటుంది. అడవి అనగానే వినిపించే ఆ దీర్ఘమైన జాలికూత ఉత్తర అమెరికా సరస్సుల్లోని లూన్ పక్షిది, మన దగ్గర లేనే లేదు. ఎండిపోయిన పొలం చూపిస్తూ కప్పల బెకబెక వినిపిస్తారు. మనకు తీతువు పిట్ట ఉంది. రాత్రి చెరువుగట్టు మీద అది అరిచిందంటే ఇప్పటికీ పెద్దవాళ్లు మంచం మీద లేచి కూర్చుంటారు. ఒక రికార్డరు పట్టుకుని ఒక్క రాత్రి చెరువు దగ్గర కూర్చుంటే దొరికే శబ్దానికి విదేశీ సౌండు లైబ్రరీ ఎందుకు?

వినబడని శబ్దం భయపెడుతుందన్న మాట గురించి కూడా కొందరు అడిగారు. 1998లో ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజనీరు, తాను పనిచేసిన ప్రయోగశాలలో కంటి అంచున బూడిదరంగు ఆకారం కనబడటానికి కారణం కొత్త ఫ్యాను పుట్టించిన సుమారు 19 హెర్ట్జ్ తరంగమని రాశాడు. బిగించిన కత్తిసాము కత్తి దానంతటదే వణకడం చూసి ఆ దారి పట్టాడట. కథగా బాగుంది. అంతమాత్రాన థియేటరులో లోతు శబ్దాలిచ్చే సబ్‌వూఫరు స్పీకరు భయం పుట్టిస్తుందనుకుంటే మాత్రం పొరపాటు, కుర్చీలు వణుకుతాయంతే.

ప్ర: మా కాలేజీ బృందం మా ఊళ్లోనే పదిహేను నిమిషాల దెయ్యం మిస్టరీ తీయాలనుకుంటోంది. చేతిలో డబ్బు తక్కువ. ఏం జాగ్రత్తలు? (నర్సీపట్నం నుంచి)

జ: ఒకే ఒక ప్రశ్న, ముగ్గురు మనుషులు, రెండు చోట్లు. అంతకు మించితే పదిహేను నిమిషాల్లో ఇమడదు.

కెమెరా ఏదైనా లెన్సు ఎఫ్ 1.8 గానీ అంతకంటే తెరుచుకునేది గానీ అద్దెకు తెచ్చుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైటు కింద సెకనుకు 24 ఫ్రేములతో తీస్తే షట్టరు 1/50 సెకను (షట్టరు కోణం లెక్కలో 172.8 డిగ్రీలు) పెట్టాలి, 25 ఫ్రేములైతే 180 డిగ్రీలు. లేకపోతే తెరమీద వెలుగు అలలుగా కదులుతుంది. అది ఎడిటింగులో పూర్తిగా పోదు. 200 నుంచి 300 వాట్ల ఎల్ఈడీ లైటు ఒకటి మేడమీద నుంచి వెనకగా వేయండి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర, లైటు 5600 దగ్గర పెడితే వెన్నెల నీలం దానంతటదే వస్తుంది. షాటుకు ముందు నేల మీద రెండు బిందెల నీళ్లు చల్లితే వెలుగు రెట్టింపైనట్టుంటుంది. లాంతరులో కిరోసిన్ మంట బదులు వెచ్చటి రంగు చిన్న ఎల్ఈడీ దాచండి. మంట వెలుగు ముఖానికి చాలదు, పైగా ప్రమాదం.

పొగ కావాలంటే గాలి పూర్తిగా పడిపోయిన వేళ చూసుకోండి. ఆరుబయట కొద్దిపాటి గాలికే పొగ ఒకవైపు కొట్టుకుపోయి షాటుకు షాటుకు పొంతన కుదరదు. గది అయితే తలుపులు మూసి, పొగ పెట్టి, అది సమంగా పరుచుకునేదాకా ఆగి అప్పుడు తీయండి. జనరేటరు ఉంటే కనీసం ఒక వీధి అవతల పెట్టండి. ప్రతి చోటా ఎవరూ కదలకుండా రెండు నిమిషాల ఖాళీ శబ్దం రికార్డు చేసుకోండి. ఎడిటింగులో మాటల మధ్య అతుకులు దాచేది అదే.

నెత్తురుకి బేకరీ సామాన్ల కొట్లో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. ఒక కప్పు గ్లూకోజ్, రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, ఒక చెంచా కోకో పొడి. కోకో వేయకపోతే కెమెరాలో గులాబీ షర్బత్‌లా కనబడుతుంది. బట్ట మీద మరక పోదు, కాబట్టి ఒకే రకం చొక్కాలు రెండు ఉంచుకోండి. నేలమీద పోసింది వెంటనే కడగకపోతే పది నిమిషాల్లో శవం చుట్టూ చీమలు చేరతాయి. ఊరిపెద్దలకూ పోలీస్‌స్టేషనుకూ ముందే చెప్పి తీయండి. అర్ధరాత్రి తెల్లచీర కట్టుకుని పొలం గట్టున నడిచే మనిషి నటి అని అవతలివాళ్లకు తెలియదు.

ప్ర: ముగింపు తేల్చకుండా ‘రెండో భాగంలో’ అంటున్నారు. (గుడివాడ పాఠకురాలు)

జ: ఈ భాగంలో అడిగిన ప్రశ్నకు ఈ భాగంలోనే జవాబు చెప్పి, కొత్త ప్రశ్నతో వదిలితే అది రెండో భాగానికి పిలుపు. పాత ప్రశ్నే వదిలేస్తే టికెట్టులో సగం బాకీ పెట్టినట్టు.

ప్ర: పదేళ్ల బాబు అడుగుతున్నాడు, యూఏ అని ఉంది. తీసుకెళ్లవచ్చా? (నిజామాబాద్ పాఠకురాలు)

జ: 2024 నిబంధనలతో యూఏను మూడుగా విడదీశారు: 7+, 13+, 16+. పోస్టరు మీద ఏ అంకె ఉందో చూడండి. ఇది తల్లిదండ్రులకు సూచన మాత్రమే. ‘ఏ’ సర్టిఫికెట్‌కి లాగా గేటు దగ్గర ఆపే హక్కు థియేటరుకు లేదు, నిర్ణయం మీదే. ఈ తరహా సినిమాల్లో పిల్లల్ని ఎక్కువగా వణికించేది దెయ్యం ముఖం కంటే ఆ ధడేల్ మోత. మధ్య వరసల్లో చివరి సీట్లు తీసుకోండి, పక్క గోడల స్పీకర్లకు దూరంగా ఉండే వైపు బాబును కూర్చోబెట్టండి. రాత్రి ఆటకు వద్దు, మార్నింగ్ షోకి వెళ్లండి. బయటికొచ్చాక ఎండ ఉంటుంది.